చేసిన మేలు - చెల్లింపని కూలి

గత మాసపు సంచిక మీకు చేరిన పిమ్మట మాకు వచ్చిన జాబులలో నొక చిన్న జాబు మమ్ము చాల దినములు వెంబడించినది. వ్రాసిన యామె క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు. పట్నమున పెరిగి, చదువుకొని, కొంతకాలము ఉద్యోగము కూడ చేసినది. అత్తగారు ప్రొద్దున కాఫీ గ్లాసు చేతికిచ్చినప్పుడు అలవాటు చొప్పున "థాంక్సండీ అత్తయ్యగారూ" అన్నదట. అత్తగారి మొగము చిన్నబోయినదట. "ఇదేమన్నా హోటలా అమ్మా? నేను నీకు పరాయిదాన్నా?" అని లోనికి పోయినదట. మన యిండ్లలో కృతజ్ఞత తెలుపుట తప్పా, మనకీ యలవాటే లేదా యని యా సోదరి ప్రశ్న.

అత్తగారి పక్షమున మొదట రెండు మాటలు చెప్పవలసియున్నది. మన తెలుగిండ్లలో మేలు పొందినవారు మాటాడకుండ నుండలేదు. "నీ కడుపు చల్లగా" అన్నారు. "మీ చలువవల్ల గట్టెక్కితిమి" అన్నారు. "నీ పుణ్యమా యని" అన్నారు. "నీ మేలు మఱువలే"నన్నారు. ఇవి యన్నియు మేలు చేసినవారి కడుపును, వారి పుణ్యమును, వారి చలువను తలచుకొను మాటలు. పొందినవాడు తన సంతోషమును చెప్పుకొనుటకంటె, చేసినవాని బాగు కోరుట మన పలుకుబడి. కాఫీ గ్లాసు వంటి నిత్యకృత్యమునకు మాటతో పనిలేదు. ఆ గ్లాసు మఱునాడు కోడలు కలిపి యత్తగారి చేతికిచ్చిన చాలును. థాంక్సను మాట యావిడ చెవికి చిల్లర చేతిలో పెట్టి లెక్క ముగించినట్లు తోచియుండును. లెక్క ముగియుట యామెకు కావలసినది కాదు.

అయినను కోడలి ప్రశ్న యంతతో తీఱునది కాదు. మన మాటలలోని యీ గొప్పను చెప్పుకొని మేము సంతోషించుచుండగనే మా వ్రేలితో మా కన్నే పొడుచుకొన్న సంగతి యొకటి కలదు. దానిని చెప్పక యీ మాసపు వ్యాసము వ్రాయుట మాకు న్యాయముగా తోచలేదు.

మా వీథి చివర నొకయామె కుట్టుపని చేయును. భర్త లేడు. ఆఱవ తరగతి చదువు కూతురున్నది. మార్గశిరమాసమున మేము నాలుగు రవికల గుడ్డలు, ఫాల్సు వేయవలసిన రెండు చీరలు ఆమెకిచ్చితిమి. పండుగ పని నెత్తిమీద నున్నను, రాత్రులు మేలుకొని, భోగి ముందునాటి సాయంకాలమున అన్నియు మడతపెట్టి తెచ్చియిచ్చినది. రవిక కొకటికి 250 రూపాయలు, ఫాల్సు చీరకు 75; మొత్తము 1,150 రూపాయలు. "పండుగ వెళ్ళనీ అమ్మా, ఇచ్చేస్తాను" అంటిమి. ఆమె "అలాగేనండీ" యని వెళ్ళిపోయినది. ఆ రవికలు తొడుగుకొని పేరంటమునకు పోగా నలుగురును మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి. కనుమనాడు పళ్ళెము నిండ అరిసెలు, జంతికలు, మేము నాలుగైదుమాఱులు మాత్రమే కట్టిన యొక జరీయంచు చీర యామె యింటికి పంపితిమి. పంపి, చాల గొప్పగా నున్నది మా మనస్సు.

మాఘమున పిల్లవాని ఫీజు వచ్చినది. తరువాత మఱియొక యక్కఱ. 1,150 రూపాయలు మా యింట లేక కాదు. నెలకు జీతమువచ్చు ఇల్లు మాది. ఆ సొమ్ము మా తలపులో ఎప్పుడును వెనుకవరుసలోనే కూర్చుండెను, అంతే. శివరాత్రికి ముందు మఱియొక రవికగుడ్డ పంపగా, మఱునాడు కూతురు దానిని మడత విప్పకుండ తిరిగి తెచ్చినది. "అమ్మ ఇప్పుడు కొత్తవి తీసుకోవట్లేదండి" అన్నది. పనిచేయు చేయి పని వద్దనుట మాకు వింతగా తోచినది.

సంగతి ప్రక్కయింటి యామె చెప్పగా తెలిసినది. ఇద్దఱును ఒకే పొదుపుసంఘమున నున్నవారు. కేంద్రప్రభుత్వము 1982లో ఆరంభించిన పథకము పేరున మన యూళ్ళలో నేటికిని డ్వాక్రా యని పిలుచు సంఘముల తీరు మీకు తెలియును. పదిమంది చుట్టు కూర్చుండి నెలనెల పొదుపు వేయుదురు. బ్యాంకునుండి తెచ్చిన యప్పు పంచుకొందురు. వాయిదా అందఱిదియు కలిపి కట్టుదురు. ఒకతె కట్టలేకపోయినచో మిగిలినవారు తమ కొంగుముళ్ళు విప్పవలెను. మా 1,150 రూపాయలను నమ్ముకొన్న వాయిదా యామె కట్టలేకపోయినది. ఇతరులు వేసికొనిరి. సమావేశమున నలుగురిలో నొకరు నోరు జాఱిరి. మోటారు మిషను కొనుటకు ఆమె కోరియున్న క్రొత్త యప్పు వంతు వెనుకకు పోయినది. సంఘమువారికి తీర్చవలసిన సొమ్ముకొఱకు ఆమె పగలు ఒక బట్టలకొట్టు వెనుకగదిలో కూలికి కుట్టుచుండెను. ఇంట క్రొత్తపని చేపట్టు వేళ లేదు.

ఆ సాయంకాలమే సొమ్ము తీసికొని పోతిమి. సిగ్గును కప్పిపుచ్చుకొనుటకు మేమే ముందుగ నిష్ఠూరమాడితిమి. "ఒక్క మాట అడగకూడదా అమ్మా? రెండు గుమ్మాల అవతల ఉన్నాము గదా?" అంటిమి.

ఆమె సూది గుడ్డకు గ్రుచ్చి, తల యెత్తి, "అడుగుదామనే రెండుసార్లు వచ్చానండీ. అరిసెలు పంపారు. చీర పెట్టారు. ఇంకే మొహం పెట్టుకుని అడగనండీ?" అన్నది.

సోదరీమణులారా, ఆమె యెత్తిపొడుచుటకు ఆ మాట యనలేదు. ఉన్నది చెప్పినది. మేము కృతజ్ఞతయని పంపిన పళ్ళెము ఆమె నోటికి తాళము వేసినది. పంపకున్నచో నామె జనవరి నెలలోనే గుమ్మము ముందు నిలిచి తన కూలి తాను అడిగి పుచ్చుకొని యుండును. మా ప్రేమ యామెకు 1,150 రూపాయలు, నలుగురిలో నొక మాట, ఒక మోటారు మిషను ఖరీదు పడినది.

కృతజ్ఞత యను పదమును మేము చిన్ననాట మా తండ్రిగారి యొద్ద నేర్చితిమి. కృతము అనగా చేయబడినది. జ్ఞ యనగా ఎఱిగినది. చేసినదానిని ఎఱుగుట. ఆ పదమున సంతోషమను నర్థము లేదు, కన్నీరు లేదు, కానుక లేదు. ఎఱుక యొక్కటే కలదు. ఎవరు, ఏమి, ఎంత, ఎప్పుడు చేసిరో తెలిసియుండుట. దానికి ఎదురుమాట కృతఘ్నత; చేసినదానిని చంపుట. మఱచుట యనిగాక చంపుట యని మన పెద్దలేల పెట్టిరో చెప్పు కథ యొకటి భారతమున శాంతిపర్వమునందు, ఆపద్ధర్మముల కడపట, భీష్ముడు ధర్మరాజునకు చెప్పినది కలదు. మనలో చాలమంది వినియుండరు గనుక చెప్పుదుము.

గౌతముడను పేరుగల బ్రాహ్మణుడొకడు ధనముకొఱకు బయలుదేఱి, దారితప్పి, అడవిలో నొక మఱ్ఱిచెట్టు క్రిందికి చేరెను. ఆ చెట్టు నాడీజంఘుడను కొంగలరాజుది. రాజధర్ముడనియు వానికి పేరు. ఆ పక్షి యతిథికి చేపలు తెచ్చి పెట్టినది, పఱుపుగా ఆకులు పఱచినది, ఱెక్కలతో విసరినది. నీకు ధనము కావలెనా, నా మిత్రుడు విరూపాక్షుడను రాక్షసరాజున్నాడు, పొమ్మని దారి చూపినది. గౌతముడు పోయి, మోయలేనంత బంగారము మోసికొని తిరిగివచ్చెను. కొంగ మరల అన్నము పెట్టినది. రాత్రి చలికి, మృగములకు భయపడకుండ నిప్పు రాజవేసి, ప్రక్కన నమ్మి నిద్రించినది. అప్పుడు గౌతమునికొక యాలోచన పుట్టినది. దారి దూరము, మూట బరువు, నడుమ తినుట కేమియులేదు. ఈ పక్షి యొడలు మాంసపురాశివలె నున్నది. నిద్రించుచున్న దానిని చంపి, మూటతోపాటు తీసికొనిపోయెను. విరూపాక్షుని కుమారుడు వెంబడించి పట్టితెచ్చి వానిని శిక్షించినప్పుడు, ఆ శవమును తినుమనగా రాక్షసులు సహితము తలవంచుకొని మాకు వలదనిరట.

ఇంతవఱకు చెప్పి పెద్దలు కృతఘ్నునకు నిష్కృతి లేదని ముగింతురు. మమ్ము మాత్రమాపినది గౌతముని యాకలి. కొంగను చంపునాటికి వానికి ఆకలి లేదు. కడుపు నిండియే యున్నది. నింపినది యా కొంగయే. వాడు భయపడినది రేపటి యాకలికి. చేతనున్న బంగారపు మూట బరువే వాని కనులకు పొరయైనది. మేము 1,150 రూపాయలు దాచినది మా ఱేపటి ఖర్చులకే గదా! కథ చివర కొంగ బ్రతికి, ఇంద్రుని వరమడుగుమన్నప్పుడు, గౌతముని బ్రతికింపుమని కోరినది. పురాణమున నది సాధ్యము. కుట్టుపనివారికి, పాలవారికి ఆ గొప్పతనము పెట్టి వారినుండి క్షమ కోరుట మనకు తగదు.

మన సంవత్సరమున కృతజ్ఞతకు దినము లున్నవి. ఏరువాకపున్నమినాడు కాడిని, ఎద్దులను పూజింతురు. కనుమనాడు పశువులకు పసుపు, కుంకుమ, కొమ్ములకు రంగు, మెడకు గంటలు. దసరాకు పనిముట్లకు పూజ. మా వీథి యామె మిషనుకు సైతము బొట్టు పెట్టుకొనును. పనిముట్టు జీతమడుగదు, ఎద్దు వాయిదా కట్టదు. వానికి పూజయే చాలును. మనుష్యునకు చాలదు.

ఈ భేదము మా యింటికి తెలియకపోవుట మఱియు వింత. మా వారి తాతగారు వీథిబడి నడిపినవారు. ఆ దినములలో దసరాకు పిల్లలు రంగుకాగితముల విల్లంబులు పట్టుకొని, పద్యములు పాడుచు, అయ్యవారి వెంట ఇల్లిల్లు తిరుగుట మన తెలుగునాట నుండిన యాచారము. గృహస్థులు పిల్లలకు పప్పుబెల్లములును, అయ్యవారికి రూపాయలు, వస్త్రములును ఇచ్చెడివారు. వినుటకెంతయో ముచ్చటగా నుండును; ఇప్పటివారును ఆ పాటలను తలచుకొని కనులు చెమర్చుకొందురు. కాని మా యత్తగారు, ఆ యింట కోడలుగా నడుగుపెట్టిననాడు తన యత్తగారినోట వినిన సంగతి వేఱు. పండుగనాడు బట్టలు పెట్టినవారు తక్కిన పదునొకండు నెలల బడిజీతము అడిగినప్పుడు, "మొన్న దసరాకు ఇచ్చితిమి గదండీ" అనెడివారట. పట్టుపంచ లోపలి పెట్టెలో నుండెను, పొయ్యిమీద కుండ ఖాళీగా నుండెను. గురువును దైవమనుట సులభము. దైవమునకు బియ్యపుబస్తా అక్కఱలేదు గదా! నేడు సెప్టెంబరు 5వ తేదీని, రాధాకృష్ణ పండితుని జన్మదినమని, 1962 నుండి ఉపాధ్యాయదినముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు మా వారికి పిల్లలు గులాబీలు, కలములు తెత్తురు. మా వారు వానిని ఎంతో ప్రేమతో పుచ్చుకొందురు. కాని నెల మొదట జీతము బ్యాంకులో పడినట్లు ఫోను మ్రోగుటయే తమకు మొదటి నమస్కారమని నవ్వుచుందురు. అటువంటి యింటివారమై, మా తాతగారికి లోకము చేసినదానినే మేము మా వీథి చివరి యామెకు చేసితిమి.

ఊరంతయు కలసి చూపు కృతజ్ఞతయందును ఈ యెఱుక పూర్తిగా నుండుట అరుదు. మా గోదావరి జిల్లాలవారము కాటన్ దొరను తలపని యేడు లేదు. 1830ల నాటి కఱవులు, 1839 నాటి యుప్పెన చూచిన నేలమీద, 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరముకడ ఆనకట్ట కట్టించినవాడు. మే 15, ఆయన పుట్టినదినమున, మా కాలువగట్లమీది విగ్రహములకు నేటికిని దండలు పడును. ఏలిన పరజాతివానికి ఏలబడినవారు ఇంత తలపు దాచియుంచుట మన జనుల మనసునకు నిదర్శనమే. ఆయనకు కుడిభుజమై పనిచేసిన వీణెం వీరన్నగారి పేరు మాత్రము పిల్లలలో పదిమందిని అడిగిన ఒక్కరు చెప్పిన గొప్ప. ఇక ఆ కొండరాయి పగులగొట్టి, తట్టలకెత్తి, నీటిలో నిలిచి మోసిన వేలకొలది కూలివారి పేర్లు, అందులోని ఆడువారి పేర్లు ఏ శిలమీదను లేవు. మా పెరటి కాలువలో గిన్నెలు తొలుచునప్పుడు మాకిప్పుడు వారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. ఇదివఱకు రాలేదు.

అంగడి సంగతికి వత్తము. వ్యాపారమున కృతజ్ఞతకు చోటులేదని కొందఱందురు. డబ్బిచ్చితిమి, సరకు పుచ్చుకొంటిమి, ఋణమేమున్నదని వారి వాదము. మన సంతలలో నడచునది వేఱు. తెల్లవారి బోణీ సొమ్మును కూరలామె కనుల కద్దుకొనును. తూకము సరిగా తూచిన మీదట నొక పిడికెడు చిక్కుడుకాయలు, ఒక కరివేపరెబ్బ మన సంచిలో వేయును. ఆ కొసరే యామె కృతజ్ఞత. నా గంపయొద్దకే వచ్చితివి, దానిని నేనెఱుగుదు నని చెప్పుట. అయితే మనలో ననేకులము ఆ కొసరును హక్కుగా నడుగుదుము. అడిగి పుచ్చుకొన్న కొసరు కప్పము. పదిరూపాయల కూరపై రెండు రూపాయలు తగ్గించి, అటుపైన కొత్తిమీర కట్ట లాగికొని, ఇంటికివచ్చి ఆ నేర్పును వర్ణించుకొనుట మేమును చేసితిమి. పెద్ద అంగళ్ళలో ధర యచ్చువేసిన చీటీ చూచి నోరు మెదపము గదా!

ఇప్పుడు ఫోనుతో సొమ్ము పంపు పద్ధతి వచ్చినది. 2016లో మొదలైన యూపీఐ నేడు కూరలగంపపై సైతము అట్టముక్కయై వ్రేలాడుచున్నది. దానిని నిందించువారిలో మేము లేము. చిల్లర లేదను సాకు పోయినది, రేపిత్తునను మాట తగ్గినది; చిన్న యమ్మకందారులకిది పెద్ద మేలు. ఒక్క లోపము కలదు. ఇన్ని రూపాయలు వచ్చినవని డబ్బా పలుకును. అమ్మినామె మనలను చూడదు, మన మామెను చూడము. చూచిన బాగుండునని మాత్రమే మా మనవి.

ఆలస్యమును గూర్చి ప్రభుత్వమువారు సైతము తలచిరి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము, నమోదుచేసికొన్న చిన్నసంస్థయొద్ద సరకో పనియో పుచ్చుకొన్నవారు, వ్రాతపూర్వకమైన గడువున్నచో ఆ గడువులోపల, ఎంత గడువు పెట్టుకొన్నను 45 దినములకు మించకుండ, గడువు వ్రాసికొననిచో 15 దినములలో సొమ్ము చెల్లింపవలెను. తప్పినచో రిజర్వుబ్యాంకు ప్రకటించిన బ్యాంకురేటునకు మూడింతల వడ్డీ, అదియును నెలనెల చక్రవడ్డీగా. మనలో పచ్చళ్ళు పెట్టి, అప్పడములు చేసి, బట్టలు కుట్టి కొట్లకు వేయు సోదరీమణు లెందఱో యున్నారు. వారు ఉద్యం నమోదు చేయించుకొని యీ సంగతి గుర్తుంచుకొనవలెను. కొట్టువాడు "మీ పచ్చడి అమృతమమ్మా" యని పొగడి, సొమ్ము రెండు నెలలు త్రిప్పినచో, ఆ పొగడ్తకు కరగి యూరకుండనక్కఱలేదు. మా వీథి యామె వంటివారికి నమోదు లేదు, మాతో వ్రాతయు లేదు. మా యాలస్యము 45 దినములు దాటినది. ఏ చట్టమును మా గుమ్మమునకు రాలేదు గనుకనే మేమింత నిశ్చింతగా నుంటిమి.

కోడలైన సోదరికి మా బదులు మిగిలియున్నది. రామాయణ ముత్తరకాండమున శ్రీరాముడు హనుమంతునితో, నీవు నాకు చేసిన మేలు నాలోనే జీర్ణమైపోవుగాక యనును. వినుటకు కృతఘ్నతవలె నున్నది గదా! ప్రత్యుపకారము కోరుట యనగా నీకాపద రావలెనని కోరుటయే గనుక, అట్టి దినము నీకు రాకుండుగాకయని దాని భావము. ఇంటివారి మేళ్ళు ఇట్టివి. అవి తీర్చి తుడిచివేయునవి కావు, ఒంట పట్టించుకొనునవి. మీ యత్తగారికి థాంక్సు వలదు. కాని ఆమె చేసినదానిని మీరెఱుగుదురని యామెకు తెలియవలెను. "నిన్న నాకు తలనొప్పిగా ఉందని కాఫీలో డికాక్షన్ ఎక్కువ వేశారు కదా అత్తయ్యగారూ" అని యొకమాట యని చూడుడు. ఎఱిగి చెప్పిన మాటకు మొగము చిన్నబోయిన యత్తగారిని మేమింతవఱకు చూడలేదు. అట్లే మీ యింటికి వచ్చి అంట్లుతోము ఆమె నెలజీతము ఏ తేదీని చేతబడుచున్నదో కూడ కనుగొనుడు. మీ యిద్దఱిలో నెవరును దానిని గూర్చి వ్రాయలేదు.

పిల్లల సంగతి మఱియొక మాసమున వ్రాయుదుము. అతిథి బిస్కత్తు చేతిలో పెట్టగనే "థాంక్యూ ఆంటీ చెప్పు" అని మెడ వంచుటవలన వారికి మాట వచ్చును గాని యెఱుక రాదని మాత్రమిప్పటికి.

ఇక మా వీథి యామె. ఆ సాయంకాలము మేము 1,150కి మీద 350 కలిపి 1,500 రూపాయలు ఆమె చేతిలో పెట్టితిమి. ఆమె నోట్లు లెక్కించినది. 350 వేఱుచేసి మిషను పలకపై మా వైపు జరిపినది. "ఇది వద్దండీ" అన్నది. ఆలస్యమునకే గదా, ఉంచుకొమ్మంటిమి. "ఇది పుచ్చుకుంటే ఈసారి కూడా అడగలేనండీ" అన్నది. మేము మాఱుమాటాడక 350 రూపాయలు కొంగున ముడివేసికొని వచ్చితిమి. దారిలో నా ముడి యెంత బరువుగా నుండెనో చెప్పలేము.

మా యింట వంటగది తలుపు వెనుక మేకున కొక చిన్న పుస్తకము వ్రేలాడగట్టితిమి. పాలు, ఇస్త్రీ, కుట్టు, అంట్లు; ఎవరికెంత, ఏనాటి పని, ఏనాడిచ్చితిమి. మా వారు చూచి, ఇది పద్దుపుస్తకమా, స్తోత్రపుస్తకమా యని హాస్యమాడిరి. పండుగలకు పళ్ళెములు మానలేదు. పద్దు చెల్లిన మఱునాడు పంపుచున్నాము. సంఘమున ఆమె వంతు ఆషాఢమున వచ్చినది. మోటారు మిషను చప్పుడు మధ్యాహ్నపువేళ మా వఱకు వినవచ్చును.

మొన్న కూతురు రెండు రవికలు తెచ్చి, వానిపై పలక గీతల కాగితపుముక్క యొకటి పెట్టినది. తల్లి చెప్పగా తాను వ్రాసినదట. రవికలు 2, 500. పాత జాకెట్టు చేతులు విప్పి కుట్టినది, 60. మొత్తము 560. "అమ్మ ఈ రోజే ఇమ్మందండీ" అని గుమ్మములోనే నిలువబడినది. మా వారు ఆ వ్రాతలో నొక యక్షరదోషము దిద్ది పిల్లకు చూపిరి. మేము లోనికి పోయి 560 తెచ్చి యిచ్చితిమి.